నాగప్ప రెండో సీటు

ఆత్మకూరు నాగప్ప ఏ మాటా తిన్నగా చెప్పడు. ప్రతిదానికీ ఒక "అయితే" తగిలించాల్సిందే. ఆకలవుతుందా అని భార్య పెంటమ్మ అడిగితే అవుననడు, కాదనడు.

"పెడితే తింట," అంటాడు.

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే అడుగుత. అడిగినా పెట్టకపోయుంటే ఊకుంటుంటి."

"ముప్పై ఏండ్లు టికెట్లు కొట్టినప్పుడు మంచిగనే ఉండె," అని పెంటమ్మ పళ్ళెం ఆయన ముందు పెట్టి, గోడ అవతలి వాళ్ళకు వినబడేలా అనేది. "రిటైరైనంక గిట్లైండు."

అసలు సంగతేమిటంటే, నాగప్ప స్వీడిష్ భాష నేర్చుకుంటున్నాడు. వనపర్తి డిపోలో కండక్టరు ఉద్యోగం దిగిపోయిన నాలుగో నెలలో ఈ పని మొదలైంది. ఫోనుకు తెలుగులో ఒక మాట చెబితే అది స్వీడిష్‌లో పలుకుతుంది, రాసి కూడా చూపిస్తుంది. రంగులు, పండ్లు, నమస్కారాలు పది రోజుల్లో దాటేశాడు. షరతు వాక్యాల దగ్గర ఆగిపోయాడు. ఇది జరిగితే అది జరుగుతుంది, ఇది జరిగి ఉంటే అది జరిగేది అనే రకం మాటలు. ఏడు నెలలైనా బండి అక్కడి నుంచి కదల్లేదు. పైగా తెలుగులో కూడా వాటినే సాధన చేయడం మొదలుపెట్టాడు.

దానికి మొదట బలైంది కూరగాయల బాలమణి.

"ఇవి లేత వంకాయలైతే అర్ధకిలో పెట్టు."

"లేతయే."

"ముదురువైతే పెట్టవా?"

"లేతయే అంటున్న గద."

"నిన్న తెంపి ఉంటే ఇయ్యాల ఎట్లుంటుండె?"

బాలమణి గంప ఎత్తి నెత్తిన పెట్టుకుంది. "నువ్వు తీసుకుంటే ఇస్త, లేకుంటే పోత."

నాగప్ప ముఖం వెలిగిపోయింది. "రెండు షరతులు, ఒక్క తప్పు లేదు. నువ్వు స్వీడన్ల పుట్టి ఉంటే టీచరువైతుంటివి, బాలమణీ."

"నేనాడ పుట్టి ఉంటే నువ్వీడ ఏం తింటుంటివి?" అంటూ ఆమె సందు మలుపు తిరిగింది. ఆ వాక్యాన్ని నాగప్ప రాసి పెట్టుకున్నాడు. ఆ పూట ఇంట్లో కూర లేదు.

మన "అయితే" మాట చివర తగులుకుంటే, స్వీడిష్ వాళ్ళది ముందే వచ్చి కూర్చుంటుంది. దాన్ని "ఓమ్" అంటారు. నాగప్ప తెల్లారగానే వరండాలో కళ్ళు మూసుకుని "ఓమ్ దే రెంగ్నార్" అని అందుకుంటే, ఆయన భక్తిలో పడ్డాడని వీధి వీధంతా అనుకుంది. పక్కింటి వెంకటమ్మ ఏడుస్తున్న మనవరాలిని చంకనేసుకుని వచ్చింది.

"పిల్లకు దిష్టి తగిలింది. జర ఆ మంత్రమెయ్యి."

"మంత్రం కాదక్కా. వాన పడితే నేను ఇంట్లనే ఉంట అని దానర్థం."

"ఏదైతేంది, ఎయ్యి."

వేశాడు. పిల్ల ఏడుపు ఆపి, ఆయన మీసం వైపు చూసి, నిద్రపోయింది. అప్పటి నుంచి మంగళవారం మంగళవారం ముగ్గురో నలుగురో పిల్లలు వరండాలో తయారు. నాగప్ప కాదనలేదు. సాధన అవుతుందన్నాడు.

నాగప్ప ఇంటి ముందు గది అద్దెకు తీసుకుని నవనీత చీరలకు ఫాల్ కుట్టి, పీకో చేస్తుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఆమె గొంతు ఎలా ఉంటుందో చీరలిచ్చే వాళ్ళలో సగం మందికి తెలియదు. చీర ఇస్తే తలూపుతుంది, ఎప్పుడొస్తుందంటే వేళ్ళు చూపిస్తుంది. చూపు మాత్రం కుట్టు మీద ఎంత ఉంటుందో వరండా మీదా అంతే ఉంటుంది.

తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మానాన్నల వెంట ఆమె కూడా పుణెకు కూలికి వెళ్ళింది. ఏడాది తర్వాత తిరిగి బడికి వస్తే తనకంటే చిన్న పిల్లల మధ్య కూర్చోబెట్టారు. ఇంగ్లీషు పాఠం చదవమన్నారు. ఒక మాట తప్పు చదివింది. క్లాసంతా నవ్వింది. రెండో మాట నోట్లోంచి రాలేదు. మరునాడు బడికి పోలేదు, ఆ తర్వాత పుస్తకం తెరవలేదు. అయితే వనపర్తిలో కుట్టు టీచర్ల శిక్షణ ఒకటుంది. దానికి టెన్త్ కాగితం కావాలి. ఆ శిక్షణ ప్రకటన కాగితం మూడేళ్ళుగా ఆమె మిషన్ సొరుగులో, దారపు ఉండల కింద ఉంది.

ఒకరోజు నాగప్ప ఫోను పట్టుకుని గది గడపలో నిలబడ్డాడు.

"బిడ్డా, అద్దాలు పెట్టుకున్నా అక్షరాలు అలుక్కపోతున్నయి. జర చూసి చెప్పు."

"నాకు ఇంగ్లీషు రాదు, పెద్దనాయనా."

"ఇది ఇంగ్లీషు కాదు. ఏబీసీడీలే గని, కొన్నిటి నెత్తిన చుక్కలుంటయి. అంతే."

చూసి చెప్పింది. ఆ రోజు నుంచి అదే పని. నాగప్ప పాఠం చెప్పే తీరు కూడా కండక్టరుదే.

"స్వీడిష్ వాక్యమంటే బస్సు. రెండో సీటు క్రియకు రిజర్వు. ఎవ్వరొచ్చినా లేవదు. ఇగ 'ఓమ్ దే రెంగ్నార్' మూడు మాటలు గద, అయినా ఒకటే సంసారం. పిల్లజెల్లా, మూటాముల్లె అంత కలిసి మొదటి సీట్ల కూసుంటరు. వాళ్ళెనక రెండో సీట్ల క్రియ 'స్తన్నార్', అంటే ఉంట. దానెనక మూడో సీట్ల 'యా', అంటే నేను."

"ఓమ్ రాకపోతే?"

"ఓమ్ దిగిపోతే ఆ సంసారంల క్రియ తోసుకుని ముందుకొస్తది. 'రెంగ్నార్ దే.' ఓమ్ లేకున్నా షరతే."

ఒకసారి వనపర్తి బస్సులో నిజంగానే సీట్లు సర్దబోయాడు. రెండో సీట్లో ఉన్న పెద్దమనిషి భుజం తట్టి, "నువ్వు 'నేను'వి. ఎనక్కి పో," అన్నాడు.

"నేను ఆత్మకూరుల ఎక్కిన. నేనెందుకు పోత?"

కొత్త కండక్టరు సందీప్ వచ్చి, "పెద్దాయనా, నువ్వు ఎవరివైనా సరే, కూసో," అని ఆయన్ని డ్రైవరు వెనక సీట్లో కుదేశాడు.

విచిత్రమేమిటంటే, లోకానికంతా పాఠం చెప్పే నాగప్పకు ఆ పాఠమే వచ్చేది కాదు. నవనీత ముందు కూర్చుని, "ఓమ్ దే రెంగ్నార్, యా స్తన్నార్," అనేవాడు.

"రెండో సీట్ల నువ్వు కూసున్నవు, పెద్దనాయనా," అని ఆమె మొదట్లో సూదిలో దారం ఎక్కిస్తూ గొణిగేది. రేపూ అదే తప్పు. ఎల్లుండీ అదే. రెండో నెలకు గొంతు పెంచింది. నాలుగో నెలకు ఆమె కేక కిరాణా కొట్టు దాకా వినబడేది: "మల్ల పోయి రెండో సీట్ల కూసుంటివి. లే ముందు."

చీర ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ చేతిలో చీర అలాగే పట్టుకుని, "ఈ పిల్లకు మాటలొస్తయా?" అని పెంటమ్మను అడిగింది.

నవనీత సొంతంగా వాక్యాలు కట్టేది. తప్పులు పోయేవి. నాగప్ప ఆమె తప్పు పక్కన తన తప్పు పెట్టి కొలిచేవాడు. "నాదే పెద్దది," అనేవాడు గర్వంగా. ఒకసారి ఆమె "చదివి ఉంటే" అని మొదలుపెట్టి ఆగింది. నాగప్ప ఫోను పక్కన పెట్టాడు.

"గా రకం షరతు నేర్సుకోవాలె గని, దాంట్ల కూసోవద్దు. అది పోయిన బండి."

తర్వాత కొన్నాళ్ళకు ఓపెన్ స్కూల్ దరఖాస్తు తెచ్చి మిషన్ మీద పెట్టాడు. "శుక్రవారం ఆఖరు. నువ్వు పెడితే వచ్చే ఏడు టెన్తు చేతికొస్తది."

"పెట్టను. చేర్చుకునేటప్పుడు అందరి ముంగట నాలుగు లైన్లు చదివిస్తరంట."

నాగప్ప కాగితం మాత్రం అక్కడే ఉంచి వెళ్ళాడు.

గురువారం మధ్యాహ్నం నవనీత మంచినీళ్ళకని పెరట్లోకి వెళ్ళింది. నాగప్ప గోడ పక్కన నిలబడి, బర్రెకు మేత వేస్తూ దానికి పాఠం చెబుతున్నాడు. పొడవాటి వాక్యాలు. షరతు మీద షరతు. అద్దాలు లేవు, ఫోను లేదు, ఒక్క తప్పూ లేదు. రెండో సీటులో ప్రతిసారీ క్రియే కూర్చుంది.

ఆమె చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి, వేరుశనగ కాయలు ఒలుస్తున్న పెంటమ్మ పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, పెద్దనాయనకు తప్పుల్లేకుంట వస్తది గద."

"ఎప్పుడో వచ్చింది. నీ ముంగటనే రాదు."

"ఎందుకు?"

పెంటమ్మ చేట పక్కకు జరిపింది. "చెప్పొద్దన్నడు, చెప్త. నువ్వు బడి ఎందుకు ఇడిసిపెట్టినవో మీయమ్మ చెప్పిన దినం నుంచి ఆయనకు గదే పరేషాన్. ఎవ్వరికీ రాని భాష ఏదని పాసు పట్టుకుని ఊర్లు తిరిగిండు. కన్నడమంటే గద్వాల్ల సగం మందికి వస్తదాయె. అరబ్బీ అంటే దుబాయి పోయొచ్చినోళ్ళు ఎదురైన్రు. జర్మనీది నాగర్‌కర్నూల్ల నర్సు పిల్లలు నేర్సుకుంటున్నరట. వనపర్తిల జపాన్ది అడిగితే, ఒకడు వంగి వంగి జవాబు చెప్పిండట. స్వీడన్ది అంటే మూడూర్లల్ల ఎవ్వడు నోరిప్పలే. ఆ దినం సంబురంగ బూందీ తెచ్చిండు."

"ఎవ్వరికీ రానిదే ఎందుకు?"

"తప్పు చదివినా నవ్వెతందుకు మనిషి దొరకొద్దని."

నవనీత లేచి వెళ్ళి మిషన్ తొక్కింది. ఆ సాయంత్రం ఒక గద్వాల చీరకు పై అంచున ఫాల్ వేసి, మొత్తం విప్పి మళ్ళీ కుట్టింది.

శుక్రవారం పొద్దున ఆమె ఒక్కతే వనపర్తి బస్సెక్కింది. ఓపెన్ స్కూల్ ఆఫీసులో వరుసలో ఎనిమిది మంది ఉన్నారు. తన వంతు రాగానే సారు ఇంగ్లీషు పుస్తకం చేతికిచ్చాడు. మూడో మాట తప్పు పోయింది. వెనక ఇద్దరు కిసుక్కుమన్నారు. ఆమె చెవులు వేడెక్కాయి.

"తప్పు పోయింది సార్. మల్ల మొదటికెంచి చదువుత," అంది.

చదివింది. ఇంకో రెండు తప్పులు పోయాయి. సారు తలెత్తకుండానే దరఖాస్తు మీద సంతకం పెట్టాడు.

నవనీత వెనక నిలబడిన శిల్ప అనే ఆమె, ఇద్దరు పిల్లల తల్లి, దరఖాస్తును చుట్ట చుట్టి మెల్లగా తలుపు వైపు జరగడం మొదలుపెట్టింది. నవనీత వెళ్ళి ఆమెకు అడ్డం నిలబడింది. ఇంకా చేతిలోనే ఉన్న పుస్తకం తెరిచి, తాను సరిగ్గా చదివిన వాక్యం మీదే వేలు పెట్టింది.

"అక్కా, గీ లైనుకు నాకు నోరు తిరుగుతలేదు. జర చూడు."

శిల్ప అటూ ఇటూ చూసి, గొంతులోనే చదివింది. నవనీత దాన్ని తప్పుగా పలికింది.

"గట్ల కాదు చెల్లే," అని శిల్ప కాస్త గట్టిగా చెప్పింది. నవనీత మళ్ళీ తప్పు పలికింది. శిల్ప విసుగ్గా పుస్తకం లాక్కుంది. సారు పిలిచినప్పుడు ఆమె ఆ లైనునే చదువుకుంటూ వెళ్ళి, అదే గొంతుతో ఆయన ముందు మొదలుపెట్టింది.

సాయంత్రం ఆత్మకూరులో బస్సు దిగేసరికి నాగప్ప ఎదురుగా ఉన్నాడు.

"దరఖాస్తు పెట్టిన," అంది నవనీత. "ఆడ ఒక అక్క నాకు చదువు చెప్పింది. ఒక్క లైనే, ఎంత చెప్పినా నాకు రాలే, పెద్దనాయనా."

నాగప్ప ఆమె ముఖంలోకి చూశాడు. టికెట్ లేకుండా దొరికిపోయిన ప్రయాణికుడిలా తల గోక్కున్నాడు. కొంచెం దూరం నడిచాక అడిగాడు.

"ఎన్నిసార్లు తప్పు పలికినవు?"

"రెండుసార్లు."

"సాలదు, బిడ్డా. తక్కువల తక్కువ నాలుగన్న పలకాలె. ఎదుటోళ్ళకు బాగ కోపం రావాలె."