గేటు దగ్గర రెండు మిషన్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఇది మా తాతల కాలం మాట కాదు. అప్పటికే మేకలు కాసేవాళ్ల చేతుల్లో కూడా సెల్‌ఫోన్లు ఉన్నాయి.) ఇరవై మూడేళ్ల వయసు, బెంగళూరులో మూడు నెలల డిజైన్ కోర్సు, తిరుపతిలో ఒక సందులో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం. మనిషి కళ్లు నెత్తికెక్కడానికి ఇంతకంటే ఏం కావాలి? ఎవరి ఫోన్ చూసినా అందులో ఏ బటన్ ఎక్కడ ఉండకూడదో చెప్పేవాణ్ని. హోటల్‌కు వెళ్తే మెనూ కార్డులో తప్పులు ఎంచుతూ కూర్చునేవాణ్ని, ఈలోగా దోసె చల్లారిపోయేది. "చూడగానే అర్థం కావాల, అదీ డిజైనంటే" అని, వినేవాడు దొరికితే చాలు, ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ని.

అంతటి నన్ను ఏడిపించడానికే అన్నట్టు మా ఆఫీసులో ఒకడు వచ్చి చేరాడు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు కాబట్టి మౌనస్వామి అని పేరు పెట్టాం. తిరుపతిలోనే పుట్టి పెరిగినవాడు, వాళ్ల నాయన టైలరు. వాడు ఏం గీసినా మా పెద్దసారు "బాగుండాదప్పా" అనేవాడు. నేను నెల రోజులు తంటాలు పడి గీసింది చూసి "అందంగా ఉండాది" అనేవాడు. ఈ రెండు మాటలకూ మధ్య ఎంత దూరముందో లెక్క వేసుకుంటూ అన్నం సహించక తిరిగేవాణ్ని. అబద్ధమెందుకు, వాణ్ని చూస్తే నాకు ఒళ్లంతా కుళ్లు. వాళ్లమ్మ టిఫిన్ బాక్సులో పెట్టే ఊరిబిండి పచ్చడి చూసినా కుళ్లే. (రోజూ సగం నేనే తినేవాణ్ని, అది వేరే సంగతి.)

ఇలా ఉండగా చిత్తూరు దారిలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి మాకు పని వచ్చింది. కాయల కాలంలో రైతులు ట్రాక్టర్లు తోలుకొచ్చి గేటు దగ్గర టోకెన్ చీటీ తీసుకుంటారు. ఆ వరసలోనే బండ్లు లోపలికి వెళ్తాయి. ఎన్నో ఏళ్లుగా ఆ చీటీలు రాసిస్తున్న వాచ్‌మన్, అందరూ గేటు తాత అనే ఆయన, ఇక నా వల్ల కాదన్నాడు. ఆయన బదులు రైతులే వేలితో తాకి చీటీ తీసుకునే మిషను కావాలి. పెద్దసారు మా ఇద్దరినీ పిలిచాడు. "చెరొకటి చేయండప్పా. రెండూ గేటు కాడ పెడదాం. జనం దేని కాడికి పోతే అదే ఉంటాది. అది చేసినోడే ఇంక మన ఆఫీసులో డిజైన్లకంతా పెద్ద" అన్నాడు.

నేను లోలోపల నవ్వుకున్నాను. పూతలపట్టు దగ్గర మా ఊళ్లో మాకున్నది మామిడి తోట. ట్రాక్టరెక్కి కాయ దింపిన చేతులు నావి. టైలరు కొడుక్కి తోతాపురి కాయకూ నీలం కాయకూ తేడా తెలుస్తుందా?

పదిహేను రోజులు తలుపేసుకొని గీశాను. నల్లటి స్క్రీను, దాని మీద వెంట్రుక మందాన బూడిదరంగు అక్షరాల్లో 'స్వాగతం'. దాన్ని మెల్లగా పక్కకు తోస్తే పేరు అడుగుతుంది, ఇంకోసారి తోస్తే ఫోన్ నంబరు. ఆ తర్వాత మూలనున్న మూడు గీతలు నొక్కితే కాయల రకాలు. ఏసీ గదిలో దాన్ని చూసుకుంటుంటే నా దిష్టే తగులుతుందేమో అనిపించేది. మౌనస్వామి మాత్రం రోజూ బస్సెక్కి ఫ్యాక్టరీకి పోయి, గేటు తాత పక్కన స్టూలేసుకొని కూర్చునేవాడు. "ఏం జేస్తా ఉండావప్పా ఆడ?" అంటే "టీ తాగతా ఉండా" అనేవాడు. వీడు పనిదొంగ అని పెద్దసారు చెవిలో వేశాను. (ఒకసారి కాదు, రెండుసార్లు.)

పరీక్ష రోజున నేను ముందే వెళ్లి నా మిషన్ను గేటు పక్కనే పెట్టించి, వాడిదాన్ని పదడుగులు అవతలికి జరిపించాను. అంతటితో ఆగినా పోయేది. ముందురోజే మా నాయనకు ఫోన్ చేసి "రేపు కాయ ఆ ఫ్యాక్టరీకే తోలుకోని రా నాయనా" అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఐదో క్లాసుతో చదువాపేసిన మనిషి ఎవరూ చెప్పకుండానే నా మిషన్ వాడేస్తే ఇక తిరుగుండదని నా ఎత్తు. పెద్దసారు, మౌనస్వామి, నేను గేటు గదిలో కిటికీ వెనక కూర్చున్నాం. దూరంగా మా ట్రాక్టర్ కనబడగానే "ఇప్పుడొచ్చే రైతును చూడండి సార్" అన్నాను, గొంతు సవరించుకొని.

మిట్టమధ్యాహ్నం ఎండ. మా నాయన ట్రాక్టర్ దిగి తిన్నగా నా మిషన్ దగ్గరికే వచ్చాడు. నేను మౌనస్వామి వైపు ఓ చూపు చూశాను. మా నాయన స్క్రీన్లోకి తేరిపార చూశాడు. తువాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ముంజేత్తో జుట్టు పైకి నిమురుకున్నాడు. మీసం ఒకవైపు సరిచేసి, తల తిప్పి రెండో వైపూ చూసుకున్నాడు. తృప్తిగా తలాడించి, అవతలి మిషన్ దగ్గరికి నడిచి వెళ్లాడు.

ఆ మిషన్లో తెల్లటి స్క్రీను మీద అరచేతంత గళ్లు, లావుపాటి నల్లక్షరాలు. మొదటి ప్రశ్న 'యా ఊరప్పా?'. తర్వాత 'ఏం కాయ?'. ఆ తర్వాత 'ట్రాక్టరా, ఆటోనా?'. గేటు తాత ఇన్నేళ్లుగా అడిగిన మాటలే, అడిగిన వరసలోనే. మా నాయన వేళ్ల నిండా మామిడి సొన. వేలు మడిచి కణుపుతో మూడు గళ్లు పొడిచాడు. చీటీ వచ్చింది. దాన్ని తువాలు కొంగున ముడేసుకొని, "వస్తానప్పా" అని మిషన్‌తో చెప్పి కదిలాడు.

పెద్దసారు నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకుంటూ ఆయన్ని లోపలికి పిలిచాడు. మా నాయన నన్ను చూసి "నువ్వీడ ఏం జేస్తా ఉండావురా కొడుకా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దసారు "అన్నా, ఆ రెండు మిషన్లలో మీకేది నచ్చింది?" అని అడిగాడు.

"రెండు యాడుండాయి సార్? ఉండేది ఒకటే గదా! గేటు పక్కనుండేది అద్దం" అన్నాడు మా నాయన. అని ఊరుకోలేదు. "ఎవురు చేసినారో గానీ, మన గేటాయన మాదిరే అడగతా ఉండాది. చేసినోడు రైతుబిడ్డే అయ్యుండాల, సూడండి."

పెద్దరికం పోతే పోయిందని సర్దుకునేవాణ్ని. మా నాయన నోట 'రైతుబిడ్డ' అన్న మాటను కూడా ఆ టైలరు కొడుకు ఎత్తుకుపోయాడే, అదీ నా మంట. అప్పుడు మౌనస్వామి నోరు విప్పాడు. "మీ కొడుకు చెప్పిందే పెద్దాయనా. కాయ దించినాక చేతులంతా సొన, వేలి కొనతో దేన్నీ ముట్టబుద్ధి కాదని అన్నం తినేటప్పుడు చెప్పినాడు. అందుకే గళ్లు అంత పెద్దవి పెట్టినా." నిజమే, చెప్పాను. వాడి ఊరిబిండి తింటూ గొప్పలకు పోయి చెప్పాను. చెప్పిన నేను మరిచిపోయాను, విన్నవాడు మరిచిపోలేదు. పోనీ మనసారా వాణ్ని తిట్టుకుందామంటే ఆ దారి కూడా మూసేశాడు.

పెద్దరికం వాడికే వెళ్లింది. (నా మిషన్ను మాత్రం ఆ సీజనంతా తీయలేదు. డ్రైవర్లు తల దువ్వుకోవడానికి బాగుందన్నారట.) ఇప్పుడు ఇద్దరం వేర్వేరు ఆఫీసుల్లో ఉన్నాం. మా నాయన ఫోన్ చేస్తే ఇప్పటికీ ముందు "ఆ రైతుబిడ్డ బాగుండాడా?" అంటాడు, వాడు టైలరు కొడుకని ఎన్నిసార్లు చెప్పినా. నా క్షేమం రెండో ప్రశ్న. ఆ మాట వినగానే కడుపులో పాత మంట కాస్త రాజుకుంటుంది. ఫోన్ పెట్టేసి, ఆ రోజు చేస్తున్న స్క్రీను పట్టుకొని మిద్దె మీదికి, ఎండలోకి వెళ్తాను. అందులో ఇరవై మూడేళ్ల ఆ కుర్రాడి మొహం కనిపించిందా, వాణ్ని చూసి ఓసారి నవ్వుకొని, కిందికి దిగి మళ్లీ మొదటినుంచి గీస్తాను.