రెండు పొరలు తక్కువ

మా బావ పేరు చెబితే ఊళ్ళో సగం మందికి తెలియదు. అతుకుల మేస్త్రి అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఇరవై రెండేళ్ళపాటు ఆయన పని గాలిమరల రెక్కలకు అతుకులు వేయడం. తాడుకు వేలాడుతూ, పిడుగు పడిన చోటో ఇసుకగాలి కొరికేసిన చోటో గీకి, ఫైబర్ గుడ్డను పొర మీద పొరగా జిగురుతో అంటించి, నున్నగా రుద్ది రంగు వేసేవాడు. పని మొదలుపెట్టే ముందు నాణెంతో రెక్కను తట్టి చూసేవాడు. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది. లోపల పొర విడిపోయిన చోట ముక్కు దిబ్బడేసినవాడి గొంతులా పలుకుతుంది.

ఆ అలవాటు ఇళ్ళలోకి కూడా వచ్చేసింది. మేం కొత్త బీరువా కొంటే దాన్నీ తట్టాడు. వెనక రేకు పలచన అని తేల్చాడు. మా ఆవిడ వారం రోజులు ఆయనకి కాఫీ ఇవ్వలేదు. పుచ్చకాయల బండివాడు ఈయన వస్తుంటే చూసి వీధి మార్చేవాడు.

మా అక్క పోయి పదకొండేళ్ళయింది. ఆ తరవాత బావ తిన్నాడు, పనికి వెళ్ళాడు, కూతురి పెళ్ళి చేశాడు, రిటైరయ్యాడు. వీటిలో దేనికైనా ఆయన మొహం మారినట్టు నాకు గుర్తులేదు. మనవరాలు పుట్టిందని నేను ఫోన్ చేస్తే "సరే" అన్నాడు. సరిగ్గా వినబడలేదేమోనని మళ్ళీ చెప్పాను. మళ్ళీ "సరే" అన్నాడు.

ఇంతలో ఊరి బయట గుట్టల మీది పాత మరలకు కాలం తీరింది. వాటిని దింపేసి పెద్దవి నిలబెట్టారు. దింపిన రెక్కలు ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు. అవి కరగవు, కుళ్ళవు, పాతిపెడితే పెట్టినట్టే ఉంటాయి. అప్పుడు ఒక ఇంజనీరమ్మ ఊరి చివర యార్డు తెరిచి, వాటిని కోసి బస్టాపులకి కప్పులు చేసింది, సైకిలు షెడ్లు చేసింది, పార్కుల్లో బల్లలు వేసింది. చివరికి కాలవ మీద నడకదారి వంతెన కట్టింది. రెండు నిండు రెక్కలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దూలాల్లా పడుకుని ఉంటాయి. వాటి మీద పలకలు. పక్కనే పెద్ద రోడ్డు. లారీలు దూసుకుపోతుంటే పుట్టే గాలికి గిర్రున తిరిగే నిలువు చక్రాలు నాలుగు ఆ అంచున నిలబెట్టి, వాటి కరెంటుతోనే వంతెన దీపాలు వెలిగించింది. లారీవాళ్ళకి చెప్పకుండా వాళ్ళచేత వెట్టిచాకిరీ చేయిస్తున్నానని అందరితో చెప్పి నవ్వేది.

వంతెన తెరిచిన రోజు పాత మరల దగ్గర పనిచేసినవాళ్ళని ముందు నడవమన్నారు. అందరికంటే ముందు బావని. బావ ఎడమ రెక్క మొదట్లో ఉన్న నంబరు వంగి చదివాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. లేచి, బూటు లేసు ఊడిందని చెప్పి పక్కకి తప్పుకున్నాడు. ఆయన కాళ్ళకి ఉన్నవి రబ్బరు చెప్పులు. వచ్చినవాళ్ళంతా మర్యాదస్తులు కాబట్టి ఒకసారి ఆ చెప్పుల వంక చూసి, వెంటనే ఆకాశం వంక చూశారు. నేను ఆయనకి ఏమీ కానట్టు రెండడుగులు వెనక్కి వేశాను.

మా మేనకోడలు పనిచేసే బట్టల ఫ్యాక్టరీ కాలవ అవతల. మనవరాలి బడి దాని పక్కనే. తల్లీకూతుళ్ళు రోజూ ఆ వంతెన మీదే వెళ్ళేవాళ్ళు. రోడ్డు మీంచి వెళ్ళమని బావ రెండు మూడుసార్లు అన్నాడట. రోడ్డు మీంచైతే చుట్టూ తిరిగి రెండున్నర కిలోమీటర్లు.

"అంతెత్తున తాడుకి వేలాడినవాడివి, మోకాలి లోతు కాలవకి భయపడుతున్నావా నాన్నా?" అని నవ్వేసి పిల్ల రెక్క పట్టుకుని వెళ్ళిపోయింది. వీధిలో కూడా ఆ మాటే పాకింది. బావ మాత్రం రోజూ వెనకే వచ్చి, వాళ్ళు అవతలి గట్టు ఎక్కేదాకా ఇవతల నిలబడి, ఇంటికి వెళ్ళేవాడు. నలభై రోజులు అలా నిలబడ్డాడు.

ఒకరోజు నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఏమిటి సంగతని అడిగాను. కరెంటు కోత ప్రకటన చదివినట్టు చెప్పాడు.

"ఎడమ రెక్క. మధ్యలో, కింది వైపు. అక్కడ నాలుగు పొరలు వెయ్యాలి. రెండే వేశాను. కాగితం మీద నాలుగని రాసి సంతకం పెట్టాను."

"ఎప్పుడు?"

"మీ అక్క పోయిన రోజు."

ఒక పొర బిగిశాక గాని రెండోది వెయ్యకూడదు. నాలుగు పొరలంటే సాయంత్రందాకా పని. ఆసుపత్రి నుంచి ఆ రోజు ఫోన్ చేసింది నేనే, వెంటనే రమ్మని. అందుకని రెంటితో ఆపి, పైన రంగు వేసి దిగిపోయాడు. అంత తొందరగా దిగినవాడు ఆలస్యంగా ఎందుకు వచ్చాడని నాకు అనుమానం వచ్చింది. అడగలేదు. ఇంజనీరమ్మకి ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగాను.

"ఏమని చెప్పను? నా సంతకం ఉంటే ఇంకెవరూ ఆ అతుకు తట్టి చూసేవాళ్ళు కాదురా."

నేను పిరికివాణ్ణి. ఇన్నేళ్ళు గాలికి తిరిగినా ఊడనిది మనుషుల బరువుకి ఏమవుతుందిలే, ఊరుకో అన్నాను. అదే సమయానికి వంతెన నడిమధ్యకి వెళ్ళిన మనవరాలు, పలకలు ఊగుతాయేమోనని రెండు కాళ్ళూ ఎత్తి గెంతింది. మళ్ళీ గెంతింది. వాళ్ళమ్మ దాని వీపు మీద ఒకటి వేసి లాక్కుపోయింది. బావ వాళ్ళు గట్టు ఎక్కేదాకా చూసి, ఇంటికి వెళ్ళకుండా యార్డు వైపు తిరిగాడు. నేనూ వెంట నడిచాను.

ఇంజనీరమ్మ ఆయన ఉద్యోగం కోసం వచ్చాడనుకుంది. కుర్చీ వేసి, మీలాంటి చెయ్యి మాకు కావాలని మొదలుపెట్టింది. బావ నాకు చెప్పిన మాటలే ఆవిడకీ చెప్పాడు, ఒక్క అక్షరం పెంచలేదు. ఆవిడ రెక్కల ఫైలు తెచ్చి చూసింది. మొహం కాస్త ఎర్రబడింది. వంతెనకి వాడే ముందు రెండు రెక్కల మీదా అతుకులన్నీ తట్టి చూసిందట, ఈయన వేసినవి మూడు తప్ప.

"మీ సంతకం ఉంది కదా అని వదిలేశాను మేస్త్రిగారూ."

"అదే చెప్పడానికి వచ్చానమ్మా."

గంటలో వంతెనకి అడ్డంగా తాళ్ళు కట్టేశారు. ఆరు రోజులు మూసే ఉంది. ఫ్యాక్టరీకి చుట్టూ తిరిగి నడిచినవాళ్ళందరికీ కారణం ఎవరో తెలుసు. మేస్త్రి నిజాయితీ ఏమోగాని మా పిక్కలు పట్టేశాయని టీకొట్టు దగ్గర బావ ముందే అన్నారు. ఆయన టీ తాగి, గ్లాసు పెట్టేసి వచ్చాడు.

కాలవ నీళ్ళ మీద పరంజా వేలాడదీశారు. బావే కిందకి దిగి నాణెంతో తట్టాడు. అంచులు టంగుమన్నాయి. మధ్యలో అరచేయంత మేర దిబ్బడేసినట్టు పలికింది. పొర విడవడం మొదలైంది. మనుషుల బరువుకి ఇంకొన్నేళ్ళు ఆగేదేనేమో అంది ఇంజనీరమ్మ. ఆ "ఏమో" మాత్రం గొంతు తగ్గించి అంది. బావ పాత అతుకంతా గీకేసి నాలుగు పొరలూ వేశాడు. ఈసారి ఆవిడ పక్కనే కూర్చుని ఒక్కో పొరా తనే తట్టి చూసింది.

ఆరో రోజు పైరంగు వేస్తుండగా మా మేనకోడలు టిఫిను డబ్బా పట్టుకుని వచ్చింది. ఆ అతుకు సగంలో ఎందుకు ఆగిందో ఊరంతా తిరిగి అప్పటికి దాని దాకా వచ్చినట్టుంది. గట్టు మీద కూర్చుని తిన్నగా అడిగింది.

"అమ్మ కోసం పని సగంలో ఆపి దిగావా నాన్నా?"

"ఆ."

"మరి ఆలస్యం ఎందుకైంది?"

బావ బ్రష్షు రంగు డబ్బా మీద పెట్టాడు. "చేతులు కడుక్కున్నాను. ఆ జిగురు వాసన మీ అమ్మకి పడదు కదా. గోళ్ళలోది పోలేదు. సబ్బుతో కడిగాను, ఇసుకతో తోమాను, మళ్ళీ సబ్బు. అరగంట పట్టింది. నేను వచ్చేసరికి అయిపోయింది."

అక్క ఆ పూటంతా మందు మత్తులోనే ఉంది, ఎవరినీ అడగలేదు. ఆ సంగతి బావకి ఇదివరకే చెప్పాను. అప్పుడూ చెప్పాను. "తెలుసు" అన్నాడు.

మా మేనకోడలు తండ్రి గోళ్ళ వంక చూసింది. "సూపర్‌వైజరు నిన్ను వదల్లేదనుకున్నాను" అంది.

దాని సంగతి నాకు తెలుసు. పదకొండేళ్ళుగా మరల దగ్గరి ఆ సూపర్‌వైజరుకి శాపనార్థాలు పెడుతోంది. పెళ్ళికి పిలవనివ్వలేదు. సంతలో ఎదురైతే మొహం తిప్పుకునేది. ఒకసారి ఆయన చంటిపిల్లని చూసి నవ్వితే పిల్ల మొహానికి కొంగు కప్పేసింది.

"ఆయన పాపం తన బండి మీద నన్ను ఆసుపత్రి గుమ్మం దాకా దింపాడు," అన్నాడు బావ. "తొందరగా కడుక్కోమని రెండుసార్లు కేకేశాడు కూడా."

అది రెండు చేతులతో మొహం కప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో వెనక కూర్చున్న నాకు తెలియలేదు. బావకీ తెలిసినట్టు లేదు. చేతులు తీశాక ఆ సూపర్‌వైజరు ఇల్లు ఎక్కడని అడిగింది.

"అవతలి గట్టున. పంపు హౌసు వెనక."

"నువ్వూ రావాలి."

"వంతెన రేపు పొద్దున తెరుస్తారు. వస్తాను."

ఫ్యాక్టరీ కూత పెట్టింది. అది డబ్బా ఆయన పక్కన పెట్టి, చెప్పులు తొడుక్కుని, చుట్టూ తిరిగే రోడ్డు వైపు గబగబా నడిచింది. బావ బ్రష్షు తీసుకుని మిగిలిన రంగు వేశాడు.