అమ్మను దాటి ఎదురు మంచానికి

మా వార్డులో ఒక రూలు ఉండేది. సొంతవాళ్ళు పేషెంట్లుగా చేరితే వాళ్ళ మంచం మనకు ఇవ్వరు. రక్తసంబంధం ఉన్నచోట చెయ్యి వణుకుతుందని, బుద్ధి నిలవదని పెద్ద సిస్టర్ వాదన. అన్నేళ్ళూ ఆ రూలును మెచ్చుకుంటూ వచ్చినదాన్నే. మా అమ్మను హొసకోటె నుంచి తీసుకొచ్చి, పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ చేయించినప్పుడు మాత్రం ఆ రూలు మీద నాకు ఒళ్ళు మండిపోయింది. డెబ్బైల చివరి మాట ఇది. ఆడవాళ్ళ సర్జికల్ వార్డులో అప్పటికి నేను సీనియర్ నర్సుని. అమ్మ మంచాన్ని మాత్రం కొత్తగా చేరిన గుంటూరు అమ్మాయికి ఇచ్చారు.

ఆ అమ్మాయికి పని గోరంత, పలకరింపులు కొండంత. జ్వరాలు చూడాల్సిన వేళకు ఏ ముసలమ్మకో తల దువ్వుతూ కూర్చునేది. నేను కసిరితే, "అయిపోయింది అక్కా, వచ్చేస్తున్నా" అని నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది. మా కన్నడ సరిహద్దు ఊళ్ళలో ఎవరూ ఎవర్నీ 'అండీ' అనరు. ఈ పిల్లేమో "అమ్మగారూ, కాస్త ఇటు తిరుగుతారా అండీ" అంటుంటే మా అమ్మ కరిగి నీరైపోయేది. "ఎంత మర్యాదప్పా ఆ పాపకు. నువ్వూ ఉండావు, నోరు తెరిస్తే పుల్ల విరిచినట్టు" అని నాకే చెప్పేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?

డాక్టరు గంజి పట్టొచ్చన్న రోజు, పొద్దున్నే క్వార్టర్సులో కాచి, వడకట్టి, చల్లారకుండా గుడ్డ చుట్టి తెచ్చాను. అమ్మ ఒక్క చెంచా మింగి ముఖం తిప్పుకుంది. ఆ పాప వచ్చి తాపిస్తే తాగుతానంది. గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే గిన్నె ఖాళీ. ఆ పిల్ల అమ్మ మూతి తుడుస్తోంది. కడుపు మండదా మరి? మండింది. రూలంటే రూలే కదా, మీరూ మీరూ చూసుకోండి అని పంతం పట్టాను. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ వరసలో తిరిగినా అమ్మ మంచం దగ్గర ఆగడం మానేశాను.

మరునాడు మధ్యాహ్నం, ఇంకా చూడవచ్చేవాళ్ళను లోపలికి వదలలేదు. ఉన్నట్టుండి అమ్మ ఏడుపు అందుకుంది. వార్డంతా వినబడేట్టు కుట్లు పీకేస్తున్నాయనీ, చచ్చిపోతున్నాననీ, నా పేరు పెట్టి పిలుస్తోంది. గుంటూరు అమ్మాయి మందుల గదిలో ఉంది. నేను పరుగున వచ్చాను. నిజంగా అమ్మ కోసమే వచ్చాను. పిలిచింది నన్ను కదా అని లోలోపల ఒక గర్వం కూడా.

అమ్మ మంచానికి ఎదురుగా దేవనహళ్ళి వైపు రైతు భార్య ఒకామె ఉంది. ఆ పొద్దునే గర్భసంచి తీసి థియేటర్ నుంచి పంపారు. ఆమె ఎవరినీ పిలవలేదు. ఎవరితో అంటోందో తెలియకుండా, చలిగా ఉంది, ఇంకో కంబళి ఇవ్వండని కన్నడంలో గొణుగుతోంది. కిటికీలోంచి ఎండ నేరుగా ఆమె మంచం మీదే పడుతోంది. ఎండలో పడుకుని చలేమిటి? అంతలో ఆవులించింది. వెంటనే మళ్ళీ ఆవులించింది. నుదుటి మీద చెమట, పెదవులు సున్నం రంగు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇంట్లో అది సరే. వార్డులో ఆ సామెత నమ్ముకుంటే శవాలు మోయాల్సి వస్తుంది. గట్టిగా అరిచేవాళ్ళకు అరిచే ఓపిక ఉంది. భయపడాల్సింది నోరు లేనివాళ్ళ గురించే.

అమ్మను దాటి ఎదురు మంచానికి వెళ్ళిపోయాను. నాడి పట్టుకుంటే దారంలా సన్నగా పరుగెడుతోంది, రక్తపోటు అందీ అందనట్టుంది. లోపల ఎక్కడో రక్తం కారిపోతోంది. మంచం కాళ్ళవైపు దిమ్మలు పెట్టించి ఎత్తించాను, సెలైన్ జోరు పెంచాను, డ్యూటీ డాక్టరుకు కబురు పంపి ఇంకో మనిషిని రక్తం కోసం పరుగెత్తించాను. ఆమెను మళ్ళీ థియేటర్‌కు తోసుకుపోతుంటే వెనక అమ్మ ఏడుపు ఆగింది. తల తిప్పి చూశాను. గుంటూరు అమ్మాయి అమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఆ రైతు భార్య బతికింది. మేట్రన్ నన్ను అందరి ముందూ మెచ్చుకుంది. "రెండుసార్లు ఆ మంచం పక్కనుంచే వెళ్ళాను అక్కా, నాకెందుకు కనబడలేదు?" అని గుంటూరు అమ్మాయి కళ్ళ నీళ్ళు పెట్టుకుని అడిగింది. తలలు దువ్వడం తగ్గిస్తే కనబడుతుందన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఆ రోజు బాధ లేదు. ఇప్పుడూ పెద్దగా లేదు.

అమ్మ డిశ్చార్జి అయ్యాక మా తెలుగు చర్చికి తీసుకెళ్ళాను. జబ్బు నయమైనవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పడం మాకు వాడుక. అమ్మ లేచింది. కన్న కూతురు పట్టించుకోకుండా దాటిపోయిన గడియలో దేవుడు తనకు ఇంకో కూతుర్ని పంపినాడని చెప్పింది. అన్ని తలలూ నా వైపు తిరిగాయి. అందరూ "స్తోత్రం" అన్నారు. నేనూ అనాల్సి వచ్చింది.

అంతటితో ఊరుకుందా? ఆ పాపకు చీర పెట్టాలి, చిక్కపేట చీరల అంగళ్ళకు తీసుకుపొమ్మంది. తీసుకుపోయాను. అంగట్లో తెల్లటి పరుపు మీద కూర్చుని ఒక్కో చీర విప్పించి, అంచు పట్టి, వెలుతురుకు పెట్టి చూస్తోంది. నేను కావాలనే బురద రంగు చీర ఒకటి ముందుకు తోశాను. అమ్మ దాన్ని పక్కకు నెట్టి చిలకపచ్చ చీర ఒళ్ళోకి లాక్కుంది. ఎర్రంచు, నాకెంతో ఇష్టమైన రంగు. ఇక నావల్ల కాలేదు.

"ఆ దినం నీ కాడికి వచ్చుంటే ఆ ఎదురు మంచం ఆయమ్మ చచ్చిపోయుండేది. తెలుసా నీకు?" అన్నాను.

"తెలుసు మే. నాకు కండ్లు లేవా? ఆయమ్మ మొగుడు వచ్చి, నీ బిడ్డ మా ఇల్లు నిలిపిందని నా కాళ్ళు మొక్కిపోయినాడు."

మరి చర్చిలో ఆ ముక్క ఎందుకు చెప్పలేదని అడిగాను. అమ్మ చీర అంచు వేళ్ళతో నలిపింది. "పోతా పోతా నా దిక్కు ఒక్కసారన్నా చూడకుండా పోతివి" అంది.

"చూసినానమ్మా. ముఖంలో రక్తం ఉండాది, ఊపిరి బాగా ఆడతా ఉండాది, అంత గట్టిగా ఏడుస్తా ఉండావు. నీకేం భయం లేదనుకొనే పోయినాను."

"నొప్పికి ఏడ్చినాననుకుంటివా?" అంది అమ్మ. "నొప్పి పొద్దున్నే తగ్గిపోయింది. ముందు దినం నుంచి చూస్తా ఉండాను, ఊళ్ళోవాళ్ళ మంచాల కాడంతా నిలబడతావు, నా మంచం వచ్చేసరికి ముఖం తిప్పుకుని పోతావు. ఇట్లన్నా వస్తావేమోనని ఏడ్చినాను. అప్పుడు కూడా ఆయమ్మ కాడికే పోతివి."

అంగడాయన ఈ చీరే కట్టమంటారా అని అడుగుతున్నాడు. అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"నాడి చూస్తా ఉండావా?" అంది.

లేదన్నాను. నా వేళ్ళు అప్పటికే నాడి మీద ఉన్నాయి.