ఇంజిన్‌లో పెండ్లి పత్రిక

ఇవాళ ఇంటికొచ్చిన పెండ్లి పత్రిక పసుపు వాసనకు, జహీరాబాద్‌లో మా బాపు పాత మోటార్‌సైకిల్ ఇంజిన్ బిగించిన రోజు గుర్తొచ్చింది.

కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌లో తిరిగే అయస్కాంతానికీ, దాని చుట్టూ ఉండే తీగచుట్టకూ మధ్య బాపు మా మేనత్త పెండ్లి పత్రికను సన్నగా కత్తిరించి దోపాడు. పసుపు మహిమతో లైటు వెలుగుతుందనుకున్నాను. నట్లు బిగించి, ఆ ముక్కను లాగేశాడు.

"బాపూ, తీస్తే ఎట్ల వెలుగుతది?"

"తీస్తేనే వెలుగుతది బిడ్డా. రెండూ రాసుకుంటే ఖరాబైతయ్. సుట్టూ గా అట్టంత సందే ఉండాలె."

కిక్ కొట్టగానే గోడమీద వెలుగు పడింది. కొంచెం పసుపు లోపలే అంటుకుని ఉంటుందనుకున్నాను.

ఇప్పటికీ పెండ్లి పత్రిక చేతికొస్తే, పేర్లు చదవకముందే వేళ్ళతో దాని మందం చూస్తాను.