నములుడు పొడి

పందుల ఫారంలో అందరూ ఆమెను పిల్లలక్క అనేవారు. పాలు మానిన పందిపిల్లల షెడ్డు ఆమెది. కాగితాల మీద యజమానిదే కావచ్చు, కానీ ఆ గడప దాటితే ఆమె మాటే చెల్లుతుంది. యజమాని కూడా బూట్లు కడుక్కునే లోపలికి రావాలి. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోవాల్సిన వయసులో చంకలో తమ్ముడున్నాడు. వాడు చంక దిగేసరికి వయసు దిగిపోయింది.

తమ్ముడి పురిట్లోనే తల్లి పోయింది. పాలు దొరకని పూట ఈ పిల్ల రొట్టె ముక్కను తన నోట్లో మెత్తగా నమిలి, వేలితో తీసి వాడి నోట్లో పెట్టేది. పెద్దయ్యాక వాడికి ఫారంలోని దాణా మిల్లులో పని ఇప్పించిందీ ఆమే. వాడి చేతి దాణాయే ఆమె పిల్లలు తినేవి.

పశువుల డాక్టరమ్మ మొదటిసారి ఎంజైమ్ పొడి తెచ్చినప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు.

"పాలు మాన్పించగానే గోధుమ, బార్లీ పెడతాం కదా. దాన్ని విడగొట్టే శక్తి ఈ పిల్లల కడుపుకి ఇంకా రాదు. అరగనిదంతా లోపల జిగురైపోతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ఈ పొడి ఆ జిగురుని విరిచేస్తుంది," అంది డాక్టరమ్మ.

"అంటే మనం నమిలి పెట్టినట్టన్నమాట," అంది పిల్లలక్క.

డాక్టరమ్మ నవ్వి, అచ్చంగా అంతేనంది. ఆనాటి నుంచి డబ్బా మీద ఏ పేరున్నా ఫారంలో అది నములుడు పొడే. దాణాలో అది కలుస్తున్నంత కాలం పిల్లలు నున్నగా, నిగనిగలాడుతూ తొట్ల మీద పడి కొట్టుకునేవి. ఆమె వాటిని తిడుతూ మురిసిపోయేది.

తర్వాత మిల్లుకి గుళికల మిషను వచ్చింది. పిండిని ఆవిరి పట్టి, ఒత్తి, వేడివేడి గుళికలుగా దింపుతుంది. డాక్టరమ్మ మళ్ళీ వచ్చి, అక్క వింటుండగానే తమ్ముడికి ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆవిరి తగిలితే ఈ పొడి చచ్చిపోతుంది, గుళికలు చల్లారాకే పైన చల్లి కలపాలి అని. తమ్ముడు తలూపాడు. తలూపడంలో వాణ్ణి మించినవాడు ఇంకా పుట్టలేదు.

కొన్నాళ్ళకి పిల్లలు వాడిపోవడం మొదలైంది. తోకల కింద విరేచనం జిగురుగా అంటుకునేది. వెన్నులు తేలాయి. ఆమె తొట్లు కడిగింది, నేల ఆరబెట్టింది, నీళ్ళ గొట్టాలు విప్పి తోమింది. ఏం చేసినా అంతే. తమ్ముణ్ణి అడిగితే, "పొడి వేస్తూనే ఉన్నానక్కా," అన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే ఆమె నమ్మింది.

యజమాని పిలిపించాడు. "వయసు మీద పడుతోంది కదా. సోమవారం నుంచి బస్తాలు కుట్టే దగ్గర కూర్చో. నీకు చూపు ఆనడం లేదట, తొట్లలో అడుగున పాచి ఉండిపోతోందట."

"ఎవరన్నారండీ?"

"మీ తమ్ముడే. నీ మీద బెంగతోనే చెప్పాడులే."

ఆమె షెడ్డుకి తిరిగొచ్చి ఒక పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. దాని పక్కటెముకలు అరచేతికి తగిలాయి. పొడి పడుతోంది, పని చేయడం లేదు. ఎందుకు చేయడం లేదో అప్పుడు తట్టింది.

గోరువెచ్చని నీళ్ళలో గుళికలు నానేసి రెండు గ్లాసుల్లో పోసింది. ఒకదాంట్లో డబ్బాలోంచి చిటికెడు పొడి కలిపింది. తొట్లు కడిగి వచ్చి చూస్తే, పొడి కలిపినది నీళ్ళలా పలచబడింది. రెండోది చెంచాకి బంకలా పట్టుకుని వేలాడింది. మిల్లు నుంచి వచ్చిన దాణాలో ప్రాణమున్న పొడి రవ్వంత కూడా లేదు.

గ్లాసులు పట్టుకుని ముందు తమ్ముడి దగ్గరికే వెళ్ళింది. వాడికో అవకాశం ఇద్దామనుకుంది పిచ్చిది.

"ఆవిరికి ముందే వేసేస్తున్నావు కదరా?"

వాడు నీళ్ళు నమిలాడు. తర్వాత అన్నాడు, "చల్లారేదాకా కూర్చుంటే పని తెమలదక్కా. నన్ను మిల్లుకి పెద్దని చేస్తానన్నాడు యజమాని. ఈ టైములో తప్పు నాదని ఎలా చెప్పను?"

"నేను కడిగిందే కడుగుతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"సోమవారం నుంచి చల్లారాకే వేస్తా. పిల్లలు కోలుకుంటాయి. నువ్వు కాస్త సుఖపడతావు కదా."

సోమవారం. అంటే ఆమె షెడ్డు దాటగానే పిల్లలు కోలుకుంటాయి. ముసల్ది పోయింది, దరిద్రం వదిలింది అంటారు అందరూ. అదంతా వాడు ముందే లెక్కేసుకున్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆమెకు ఆ క్షణాన తెలిసింది.

తిన్నగా యజమాని గదికి వెళ్ళి గ్లాసులు బల్ల మీద పెట్టి, చెంచా ఆయన చేతికిచ్చి, సంగతి చెప్పింది. ఆయన ఒకటి తిప్పి, రెండోది తిప్పి, మొహం ముడిచాడు.

"పొడి వేసేది ఎవరు, మీ తమ్ముడేగా?"

"నాకు చూపు ఆనడం లేదని మీకు చెప్పిన ఆయనండీ," అంది.

షెడ్డు ఆమెకే మిగిలింది. మిల్లుకి పెద్దగా వేరేవాడు వచ్చాడు. తమ్ముడు బస్తాలు మోసే పనిలో పడ్డాడు. గుళికలు చల్లారాక పొడి పడసాగింది. పిల్లలు మళ్ళీ తొట్ల మీద పడి కొట్టుకోసాగాయి. ఆమె మాత్రం వాటిని తిట్టడం మానేసింది.

ఒక ఉదయం తమ్ముడు దాణా బస్తా భుజాన వేసుకుని షెడ్డు గడప దగ్గర ఆగాడు. బూట్లు కడుక్కున్నాడు. ఆమె తల తిప్పలేదు.

"ఒక్కసారి తిట్టవే అక్కా," అన్నాడు. "చిన్నప్పుడు తిట్టినట్టు తిట్టు, పడతాను."

ఆమె తొట్టి తోముతూనే ఉంది.

"మిమ్మల్ని తిట్టడానికి నేనెవర్నండీ," అంది. "బస్తా అక్కడ పెట్టి వెళ్ళండి."