కళ్ళు తెరిపించే పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి నేను భూమి లోపల ఉన్నాను. పర్యాటకుల పుస్తకం ఒకదాని కోసం బెలుం గుహల్లో ఫోటోలు తీస్తున్నాను. లోపల ఫోను పనిచేయదు. మెట్లెక్కి ఎండలోకి రాగానే జేబులో వణకడం మొదలుపెట్టింది. అందని కాల్స్ అన్నీ ఆళ్ళగడ్డ నుంచి ఆమె కూతురు చేసినవే.

"అన్నా, అమ్మ పోయింది. పొద్దున కాఫీ ఇయ్యబోతే లేయలేదు."

"ఊరుకోమ్మా. పెద్దమ్మే చెప్పించిందా ఈ మాట? ఫోను ఆమెకియ్యి," అన్నాను.

నాలా ఊరందరినీ ఆటపట్టించేవాడికి ఇదే కష్టం, ఎవరు నిజం చెప్పినా నమ్మడు. అవతల ఏడుపు వినిపించాక ఆ మెట్ల మీదే కూలబడ్డాను.

ఆమె నాకు చుట్టం కాదు. నంద్యాలలో నేను పని నేర్చిన స్టూడియో యజమాని భార్య. పదో తరగతి గట్టెక్కలేక ఆ స్టూడియోలో చేరాను. కెమెరా పట్టుకోవడం ఆయన నేర్పాడు. ఆయన ముందే కాలం చేశాడు. మిగతాదంతా ఆమె దగ్గర తిట్లతో కలిపి నేర్చుకున్నాను.

ఆమె పని టచింగు. కింద దీపం వెలిగే వాలు గాజుబల్ల ముందు కూర్చుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో నెగెటివు మీద మొటిమలు, అమ్మవారి మచ్చలు మాయం చేసేది. పెళ్ళిచూపుల ఫోటోల్లో ఆమె చేతి చలవతో అందగాళ్ళయినవారి పేర్లు ఇప్పుడు బయటపెడితే నంద్యాలలో కొన్ని కాపురాలు కదులుతాయి. అందుకని ఊరుకుంటున్నాను.

ఆమె అసలు పని ఇంకొకటి. ఆ రోజుల్లో చాలామందికి బతికుండగా తీసిన ఫోటో ఒక్కటీ ఉండేది కాదు. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, తలపాగా చుట్టి, మమ్మల్ని పిలిచేవారు. ప్రింటు మీద ఆ మూసిన కళ్ళను సన్న బ్రష్షుతో తెరిపించేది పెద్దమ్మ. ఇంటివాళ్ళను ఒక్క మాట అడగనిదే బ్రష్షు తడిపేది కాదు.

పాణ్యం పక్క పల్లె నుంచి ముగ్గురు అన్నదమ్ములు తండ్రి ఫోటో కోసం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు.

"మీ నాయన ఎవురిని చూస్తే మొగం తేటగా పెట్టేవాడప్పా?" అంది పెద్దమ్మ.

"నన్నే," అన్నాడు పెద్దోడు.

"నిన్నా? నిన్ను చూస్తే కట్టె ఎత్తుకునేటోడు గదా!" అన్నాడు నడిపోడు.

"మీ ఇద్దరినీ కాదులే. కోడె దూడను చూసి నవ్వేటోడు," అన్నాడు చిన్నోడు.

అది నిజమేనని అన్నలిద్దరూ ఒప్పుకున్నారు. పెద్దమ్మ తలూపి బ్రష్షు తీసుకుంది. ఆ ముసలాయన చూపు కొంచెం కిందికి, కొంచెం పక్కకి వచ్చింది, గాటి దగ్గర దూడ నిలబడ్డట్టు. ఫోటో చేతికి తీసుకున్న పెద్దోడు మా స్టూడియో గుమ్మంలోనే బోరుమన్నాడు. నేను నవ్వలేదు. నేను నవ్వని సందర్భాలు తక్కువ.

సొంతంగా పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టాక ఆమె నన్ను ఇంకా ఎక్కువ తిట్టింది. ఎవరిదో కొత్త కల్యాణ మండపం ఫోటోలు తీసుకెళ్ళి చూపిస్తే, "దీని మెట్ల మీద కాసేపన్నా కూచున్యావా?" అంది. లేదన్నాను. "కూచోకుండా యాడ నిలబడి తీయాల్నో నీకెట్ల తెలిసె? పోయి కూచోని రాపో." నిజంగానే మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. ఊళ్ళ ఫోటోలకు పోయేటప్పుడు మాత్రం, "ముందు ఎవురింట్లోనన్నా నీళ్ళడిగి తాగు, ఆ తర్వాతే కెమెరా తీయి," అనేది. ఈరోజుకీ అలాగే చేస్తున్నాను. గుళ్ళు, గోపురాలు ఎక్కడ తీయబోయినా ముందు చతికిలబడతాను. పిలిపించుకున్న పెద్దమనుషులు, వీడు పని దొంగ అనుకుంటారు.

ఒకసారి ఆళ్ళగడ్డలో శిల్పాల ఫోటోలు తీసే పని దొరికింది. ఆమె పుట్టినూరు కాబట్టి వెంట వచ్చింది. తీరా చూస్తే అన్నింటిలోకి అందమైన అమ్మవారికి ఇంకా కళ్ళు చెక్కలేదు.

"కండ్లు లేకుండా ఏం తీయాలప్పా? రెండు గాట్లు పెట్టరాదా!" అన్నాను శిల్పితో.

ఆయన ఉలి కింద పెట్టాడు. "అవి ఆఖరున అన్నా. పెట్టినాక మళ్ళ ఉలి తగలగూడదు. ఆమె మనల్ని చూస్తాంటాది."

పెద్దమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. "విన్యావా, తొందరోడా?"

ఇంత మందికి కళ్ళు తెరిపించిన మనిషి, తనకు ఫోటో తీస్తే మాత్రం ప్రతిసారీ కళ్ళు మూసుకునేది. ఫ్లాష్ పడక ముందే రెప్పలు పడేవి. స్టూడియో మూసేసి కూతురి ఇంటికి వెళ్ళే ముందు, లైటు సరిచూడాలని అబద్ధమాడి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె భర్త గొంతు పెట్టి, "గడ్డం కొంచెం పైకమ్మా. కొంచెం కిందికి. ఇంకొంచెం పైకి. అయ్యో, అంత కాదు," అంటూ మెడ నొప్పి పుట్టేదాకా ఆడించాను.

"నీ పాసుగూల! అచ్చం ఆయప్పే!" అని విరగబడి నవ్వింది. అప్పుడు నొక్కాను. ఆ ఫోటోలోనూ కళ్ళు మూతలే.

పదకొండో రోజుకు పెట్టడానికి ఇప్పుడు ఆ ఫోటో తప్ప మంచిది లేదు.

"అన్నా, అమ్మకు కండ్లు తెరిపీ. చుట్టాలు చూస్తే పోయినాక తీసిందనుకుంటారు," అంది ఆమె కూతురు. ఇందుకోసమే మా ఇంటికి వచ్చి, నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఇప్పుడు బ్రష్షులెందుకు, కంప్యూటరు ఉంది. కూతురికి తల్లి కళ్ళే వచ్చాయి. కూతురి ఫోటో ఒకదాంట్లోంచి ఆ కళ్ళు తీసి అతికించాను. అతుకు తెలియలేదు. కానీ తెరలోంచి చూస్తున్నది మా పెద్దమ్మ కాదు, బస్సు తప్పిపోయిన ఎవరో ఆడమనిషి.

చూపు ఎటు తిప్పినా కుదరలేదు. చివరికి ఆ మాట నేనే అడగాల్సి వచ్చింది.

"అమ్మా, పెద్దమ్మ ఎవురిని చూస్తే మొగం తేటగా పెట్టేది?"

 కూతురు మనవళ్ళలో ఒకరి పేరు చెప్పబోయి ఆగింది.

"తేటగా ఉన్న్యప్పుడు అమ్మ యాడ చూసేదన్నా? నవ్వితే కండ్లు మూతబడేవి గదా."

కాసేపటికి తనే అంది. "తీసెయ్. ఉన్న్యట్లే ఉండనీ."

తీసేశాను.  ఫ్రేము కట్టించుకుని ఆళ్ళగడ్డ తీసుకుపోయాను.

పదకొండో రోజు వాళ్ళ వసారాలో కుర్చీ మీద ఫోటో పెట్టి దండ వేశాం. చుట్టాలు అనుకునేది అనుకున్నారు. ఒకామె నా ఎదుటే, "ఫోటోలు తీసేటోడు ఉండి ఏం లాభం!" అంది. దండ బరువుకో ఏమో, ఫ్రేము ముందుకు వాలుతోంది. సరిచేయబోయి, నోటి అలవాటు కొద్దీ అనేశాను, "గడ్డం కొంచెం పైకి పెద్దమ్మా."

చుట్టాలంతా గిరుక్కున తిరిగారు. దీపంలో నూనె పోస్తున్న కూతురు గిన్నె అలాగే పట్టుకుని నా వైపు చూసింది. తర్వాత ఆమెకు ఆపుకోలేని నవ్వొచ్చింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ఆ రెండు కళ్ళూ టక్కున మూతబడ్డాయి, పక్కన ఫోటోలో ఉన్నట్టే. రెప్పల కింద నుంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి.