మట్టికి దక్కని మాస్టారు

మా సైన్సు మాస్టారు పోయి నెల దాటింది. ఆ కబురు వచ్చినప్పుడు నేను సత్తెనపల్లిలో కొత్త స్లాబుకి నీళ్లు కడుతున్నాను. "మాస్టారు ఇక లేరంట" అని మా ఆవిడ ఫోన్ చేసింది. నేను తాపీమేస్త్రీని. పదో తరగతి దాకా ఆయన దగ్గర చదివినవాణ్ణి.

ఆయన పాఠం బోర్డు మీద తక్కువ, మిరప చేలో ఎక్కువ. ఎండ ఆకులోకి, ఆకు మిడతలోకి, మిడత కప్పలోకి, కప్ప పాములోకి. "మెట్టు మెట్టుకీ పదోవంతే మిగులుతుందిరా. తక్కినదంతా వేడై పోతుంది, మళ్లీ రాదు. సారం మాత్రం తిరిగి మట్టికి రావాలి. రాకపోతే అంతా ఖాళీ" అనేవారు. తిన్న అరటిపండు తొక్క కూడా జేబులో వేసుకెళ్లి వేపచెట్టు మొదట్లో పాతేవారు. ఆ జేబుకి ఎప్పుడూ మరకే. మేం పగలబడి నవ్వేవాళ్లం.

మా నాన్న పత్తికట్టె తగలబెడుతుంటే ఒకసారి సైకిల్ దిగి పరిగెత్తుకొచ్చారు.

"అయ్యో, మట్టి నోటికాడ కూడు కాల్చేస్తున్నావయ్యా!"

"దాంట్లో గులాబీ పురుగుందండి మాస్టారూ. కాల్చకపోతే వచ్చే ఏడు నాకే కూడుండదు" అన్నాడు నాన్న.

మాస్టారు మంట ఆరేదాకా నిలబడి, ఆ బూడిద గాలికి పోకుండా తానే చేలో కలిపి వెళ్లారు.

పోయే ముందు వారం చూడ్డానికి వెళ్లాను. మంచంలో ఉన్నారు. "ఒరేయ్ మేస్త్రీ, నాకు పెట్టె వద్దు. సిమెంటు అసలే వద్దు. గుడ్డలో చుట్టి తిన్నగా మట్టిలో పెట్టించు. మట్టి పెడితే తిన్నాం, మట్టికి పెట్టొద్దూ?" అన్నారు. సరేనండి అని మాటిచ్చాను.

శవం దగ్గర ఆ మాట చెబితే ఆయన తమ్ముడు నా చొక్కా పట్టుకున్నాడు. "ఏం మాట్లాడుతున్నావురా? పెట్టెకి గతిలేక మా తాత చాపలో పోయాడు, మా నాన్న చాపలో పోయాడు. మమ్మల్నందర్నీ చదివించి మనుషుల్ని చేసినోడు మా అన్న. ఆయన్నీ అట్లాగే పాతిపెట్టమంటావా?"

మా తాత పోయిందీ చాపలోనే.

ప్రార్థన అయ్యాక పెట్టె దించాం. చుట్టూ ఇటుక, పైన స్లాబు. వాళ్లు వేరే మేస్త్రీని పిలుస్తామంటే నేను ఒప్పుకోలేదు, నేనే కట్టాను. ఎందుకు కట్టానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన చెప్పినదాంట్లో సగమే జరిగింది. వేడి పోయింది, మళ్లీ రాదు. సారాన్ని మట్టికి అందకుండా నేను ఆపేశాను. ద్రోహం చేశాను, దీనికి వేరే పేరు లేదు.

మొన్న తొలకరి పడుతుంటే సమాధుల తోటకి వెళ్లాను. చుట్టూ గరిక పచ్చగా లేచింది. నీళ్లు నిలవకుండా స్లాబుకి నేను పెట్టిన వాటానికి, వాన పడింది పడినట్టే జారిపోతోంది. ఎక్కడైనా ఒక్క బీట ఉంటుందేమోనని తడుస్తూ అంచంతా వేళ్లతో తడిమాను. చుక్క దిగే సందు కూడా లేదు.